ద్వీపం ఒప్పుకోదు

మావయ్య తన జన్మలో ఎవరికీ వద్దు అని చెప్పి ఎరగడు. చెప్పాల్సిన వద్దులన్నీ ద్వీపం చేత చెప్పించేవాడు.

ఎవరైనా ఏదైనా అడిగితే "ఉండండి, ద్వీపాన్ని అడిగొస్తా" అని లేచేవాడు. ఆఫీసు గది వెనక్కి వెళ్ళి, సముద్రం వైపు తిరిగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడేవాడు. మధ్యమధ్య అవతలి వాళ్ళు చెప్పేది వింటున్నట్టు తల ఊపేవాడు. తర్వాత తిరిగొచ్చి, కాళ్ళకంటిన ఇసుక గుమ్మంలో దులుపుకుని, కుదిరిన సంబంధం చివరి నిమిషంలో తప్పిపోయినంత దిగులుగా మొహం పెట్టి, "నాకేం అభ్యంతరం లేదండీ, ద్వీపమే ఒప్పుకోవట్లేదు" అనేవాడు. ఇక ఆ మాటకు తిరుగులేదు. మావయ్యతో అయితే వాదించవచ్చు. కాళ్ళ కింద ఉన్న నేలతో ఎవరు వాదిస్తారు?

ఆ నేల పెద్దదేం కాదు. తీరిగ్గా నడిచినా గంటలో చుట్టి రావచ్చు. కొబ్బరాకు కప్పిన ఏడు గదులు, ఒక వంటిల్లు, ఒక ఆఫీసు గది, రేవు నుంచి పైకి రావడానికి నలభై ఒక్క మెట్లు. మావయ్య అక్కడ దీపస్తంభం కాపలాదారుగా ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఆ దీపం తనంతట తను వెలగడం నేర్చుకున్నాక ఆయనకు పని లేకుండా పోయింది. అలాగని ద్వీపం విడిచిపెట్టి వెళ్ళలేక, ప్రకృతికి హాని చెయ్యని సెలవులు గడపండి అంటూ బోర్డు పెట్టి గదులు కట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. ద్వీపం ఒప్పుకోలేదని ఆయనే చెప్పేవాడు.

ఆఫీసు పనంతా మేనకోడలిది. ఆమెకు పెళ్ళయి రెండేళ్ళు. భర్త అవతలి ఒడ్డున పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో మెకానిక్, సెలవు రోజుల్లో వచ్చిపోతుంటాడు. వచ్చిన అతిథులకు మావయ్య నియమాలన్నీ నవ్వుతూ వివరించడం ఆమె ఉద్యోగంలో సగం. వాళ్ళ కోపం భరించడం మిగతా సగం.

నియమాలంటే మామూలు నియమాలు కావు. ఒక్కో నియమానికి ఒక్కో చెక్క. మావయ్య తన చేత్తో నీలం రంగుతో రాసి, వెనకవైపు తేదీ వేసి, ఆఫీసు ముందున్న స్తంభానికి మేకు కొట్టేవాడు. మనిషికి ఎనిమిది కిలోల సామానే. దుప్పట్లు నాలుగు రోజులకొకసారే మార్చబడును. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా పాటలు, కేకలు నిషేధం. చీకటి పడ్డాక ఇసుక వైపు దీపం వెలిగించరాదు. ఇలా పది చెక్కలు, మెడ నుంచి మోకాళ్ళ దాకా నగలు వేసుకున్న పెళ్ళికూతురిలా తయారైంది ఆ స్తంభం.

ఒకసారి కొత్తగా పెళ్ళయిన జంట ఐదు పెట్టెలతో దిగింది. అవతలి రేవులో మావయ్య కాటా పెట్టుకుని కూర్చున్నాడు. పెళ్ళికొడుకు పెట్టెలోనే ఆరు జతల బూట్లున్నాయి.

"ఎనిమిది కిలోలు దాటితే ద్వీపం ఒప్పుకోదు బాబూ," అన్నాడు మావయ్య.

"ఎంతుందో ద్వీపానికి ఎలా తెలుస్తుందండీ?"

"దిగగానే తెలుస్తుంది. కొంచెం వంగుతుంది."

పెళ్ళికొడుకు కాసేపు గింజుకున్నాడు. తర్వాత షెడ్డు చాటుకు వెళ్ళి, నాలుగు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, వాటిమీద కోటు వేసుకుని, చెమటలు కక్కుతూ పడవెక్కాడు. మావయ్య అంతా చూశాడు. ఒంటి మీద ఉన్నదాని గురించి ద్వీపానికి పట్టింపు లేదన్నాడు. మిగిలిన పెట్టెలు రేవు షెడ్డులో ఉండిపోయాయి. తిరిగి వెళ్ళే రోజున ఆ అబ్బాయి నాలుగు చొక్కాలతోనే వారం గడిపిన సంగతి అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

ఇంకోసారి రిటైరైన ఆఫీసరు ఒకాయన రోజూ దుప్పటి మార్చాల్సిందేనని పట్టుబట్టాడు. తన సర్వీసులో తనకు కాదని చెప్పినవాడు లేడన్నాడు. మావయ్య ద్వీపాన్ని అడగడానికి వెళ్ళాడు. ఆఫీసరూ వెంట వెళ్ళి పక్కనే నిలబడ్డాడు. రెండు నిమిషాలు గడిచాయి. అలలు తప్ప ఏమీ వినపడలేదు.

"విన్నారుగా," అన్నాడు మావయ్య బాధగా.

ఆఫీసరు ఏమనుకున్నాడో గానీ, మెల్లగా తల ఊపి వెనక్కి వచ్చేశాడు. నాలుగో రోజున దుప్పటి తనే మడతపెట్టి ఇచ్చాడు. అప్పటి నుంచి ఏటా వస్తున్నాడు.

ఇవన్నీ తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, నవ్వడానికి వీల్లేని ఉత్తరం ఒకటి ఆ ఏడాది వచ్చింది. అతిథుల్ని పంపించే బుకింగ్ కంపెనీ వాళ్ళు, వచ్చే సీజన్ నుంచి, ప్రకృతికి హాని చెయ్యవని తేల్చే పచ్చాకు ముద్ర ఉన్న చోట్లకే మనుషుల్ని పంపుతామని రాశారు. ముద్ర ఇవ్వడానికి తనిఖీ అధికారి వస్తారు. అంతకు ముందే ప్రతి నియమానికీ కారణం ఫారంలో రాసి పంపాలి. అదే కారణాన్ని అందరికీ కనపడేలా ఆ నియమం కింద అంటించాలి. ఒక్క నియమానికి కారణం లేకపోయినా దరఖాస్తు వెనక్కి పంపుతారు. ముద్ర రాకపోతే ఏడు గదులకీ తాళాలే. పడవ నడిపే సరంగు, వంటాయన, దుప్పట్లు ఉతికే అక్క, ముగ్గురికీ ఈ వయసులో వేరే ఒడ్డు చూసుకోవడం తప్పదు.

మేనకోడలు ఫారం ముందేసుకుని కూర్చుంది.

"ఎనిమిది కిలోలకి కారణం ఏమని రాయను మావయ్యా?"

"ద్వీపం ఒప్పుకోదని రాయి."

"అది కారణం కాదు."

"పదమూడేళ్ళుగా సరిపోయిందిగా," అని ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఈ మొండిమనిషితో వేగలేక తను ఎప్పుడో ఒకరోజు ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు పోతానని వంటాయన దగ్గర వాపోయింది. అప్పుడు తట్టింది ఆమెకు, చెక్కల వెనక తేదీలున్నాయి కదా అని. దీపస్తంభం రోజుల నుంచి మావయ్యకు ఒక అలవాటుంది. రోజూ లాగ్‌బుక్కులో నాలుగు వరుసలు రాస్తాడు: గాలి, పోటు, పడవలు, మనుషులు. బీరువా మీద దుమ్ము పట్టిన పుస్తకాల దొంతర దింపి, మొదటి చెక్క తేదీకి ముందు రోజు తీసి చూసింది.

"మనుషులు: సరంగు పెట్టెలు మోస్తూ ఇరవయ్యో మెట్టు మీద ఆగి నడుం పట్టుకున్నాడు. నన్ను చూసి సముద్రం చూస్తున్నట్టు నటించాడు."

మర్నాడే ఎనిమిది కిలోల చెక్క.

ఆమె రెండో చెక్క తేదీ వెతికింది. "దుప్పట్లక్క వేళ్ళ సందులు పగిలి రక్తం వస్తోంది. రబ్బరు తొడుగులిస్తే పాడైపోతాయని పెట్టెలో దాచుకుంది." ఆ మర్నాడు దుప్పట్ల చెక్క. మూడోది వంటాయన గురించి. నాలుగింటికే లేచే మనిషి మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నాలుగో గదివాళ్ళు పాటలు పెట్టారట, ఆ సాయంత్రం కూర మాడిందట. దీపాల చెక్క ఒక్కటి మాత్రం నిజంగా తాబేళ్ళ కోసమే. అయితే అదీ మనుషుల వరుసలోనే ఉంది: "కుంటి తాబేలు గుడ్లు పెట్టడానికి వచ్చింది. గదుల వెలుతురు చూసి బెదిరి వెనక్కి పోయింది. పాపం రెండోసారి."

ఆమె నేల మీద పుస్తకాల మధ్య చాలాసేపు కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన్ని చాదస్తపు మనిషి అనుకున్నందుకు సిగ్గేసింది. ద్వీపం పది సార్లు ఒప్పుకోకపోతే, ఆ పది సార్లూ ఎవరికో ఎక్కడో నొప్పి పుట్టింది. ఆ నొప్పి గురించి వాళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకునే అవసరం ఆయన రానివ్వలేదు. సిగ్గు తీరాక మళ్ళీ కోపం వచ్చింది, ఎందుకంటే ఇందులో తాబేలుది తప్ప ఒక్క ముక్క కూడా ఫారంలో రాయడానికి పనికిరాదు. సరంగు నడుం నొప్పి వల్ల అని చెక్క కింద అంటిస్తే ఇంకేమైనా ఉందా? పడవనైనా ఒంటిచేత్తో ఎత్తుతానని మీసం తిప్పే మనిషి అతను. మర్నాడే పని మానేస్తాడు.

అందుకని ఆమె కూర్చుని, తలా తోకా చూసుకోకుండా మిగతా వాటికి తొమ్మిది అబద్ధాలు రాసింది. బరువెక్కువైతే పడవ లోతుగా మునిగి, రేవు దగ్గర పగడాలకు అడుగు రాసుకుంటుందని రాసింది. సబ్బునీళ్ళు చేపపిల్లలకు మంచివి కావంది. మధ్యాహ్నం పక్షులు విశ్రాంతి తీసుకుంటాయంది. ఆ పక్షులేవో తనకే తెలియదు. కారణాలు చక్కటి అక్షరాలతో చెక్కల కింద అంటించి, ఫారం పంపించేసింది.

పంపిన వారానికి మావయ్య పదకొండో చెక్క కొట్టాడు. ఉదయం పూట వంటింట్లో నూనె కాచరాదు, ఏదీ వేయించరాదు.

"ఫారం పంపేశాక కొత్త చెక్కేంటి మావయ్యా? తనిఖీకి ఆవిడెవరో వచ్చే వేళకి?"

"నేనూ అదే అన్నానమ్మా. ద్వీపం వింటేగా."

వంటాయన గగ్గోలు పెట్టాడు. వేయించకుండా ఉడికించి పెట్టడం వంట కాదు, వైద్యం అన్నాడు. అతిథులు ఉడకబెట్టిన దుంపల్ని శత్రువుల్ని చూసినట్టు చూశారు. మేనకోడలికి వాటిని సమర్థించే ఓపిక కూడా లేదు. ఫారం వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు, తిండి సయించడం లేదు, కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు. ఏ తేదీ ఎప్పుడు పోయిందో చూసుకునే తీరికా లేదు. ఈ ముద్రేదో వచ్చేస్తే ఒళ్ళు అదే కుదుటపడుతుందనుకుంది.

తనిఖీ అధికారిని చూడకముందే ద్వీపంలో అందరూ ఆకు మేడం అని పేరు పెట్టేశారు. అవతలి రేవులో ఆవిడతో దిగిన పెట్టె పదమూడు కిలోలు తూగింది. మేనకోడలు మావయ్య వైపు చూసి, వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలింది. మావయ్య చూడనట్టే ఊరుకున్నాడు.

"ఎనిమిదే ఒప్పుకుంటుందండీ."

"ఇందులో నీళ్ళు పరీక్ష చేసే సామానుంది. మీ కోసమే తెచ్చాను."

"నా కోసమైతే మీరు చెప్పినట్టే వినేవాణ్ణి," అన్నాడు మావయ్య ఎంతో నొచ్చుకుంటూ.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, తన బట్టలు తీసి రేవు షెడ్డులో పెట్టి, పరీక్ష సామాను మాత్రం తెచ్చుకుంది. సరంగు ఆ పెట్టెను రెండు వేళ్ళతో పట్టుకుని, ఈల వేస్తూ నలభై ఒక్క మెట్లూ ఎక్కాడు. మేనకోడలు వెనకనుంచి ఆ నడుం చూస్తూ ఎక్కింది.

రెండు రోజులు ఆవిడ ద్వీపాన్ని జల్లెడ పట్టింది. ఒక్కో చెక్క కింద కారణం చదివి, అది నిజమో కాదో చూడటానికి బయల్దేరేది. మేనకోడలు దొంగతనం చేసినదానిలా వెనకే నడిచేది. రేవు దగ్గర ఆవిడ మోకాలి లోతు నీళ్ళలో దిగి, అద్దం పెట్టె ముంచి చాలాసేపు చూసింది. పైకి లేచి, పగడాలు చివరి మెట్టు దాకా పెరిగాయని, బరువు పడవలు తిరిగే ఏ రేవులోనూ ఇలా చూడలేదని చెప్పింది. ఉతుకుడు రాళ్ళ పక్క మడుగులో నీళ్ళు సీసాలో పట్టి పరీక్ష చేస్తే, సీసాలోకి చేపపిల్ల కూడా వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి మేనకోడల్ని వంటింటి చూరు కింద నిలబెట్టి, నోటి మీద వేలు పెట్టుకుని పైకి చూపించింది. చూరులో మూడు గూళ్ళున్నాయి. వాటి కింద వంటాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

మేనకోడలు రాసిన తొమ్మిది అబద్ధాలూ నిజాలై కూర్చున్నాయి. సరంగు నడుం మీద జాలిపడితే పగడాలు పెరిగాయి, దుప్పట్లక్క వేళ్ళు మానితే చేపలొచ్చాయి. మావయ్యకు ఇది ముందే తెలుసా అని అనుమానం వచ్చింది. తెలిసి ఉండదు. ఆయనకు మనుషులు వేరు, ద్వీపం వేరు అని ఎప్పుడూ తోచలేదు, అంతే.

రెండో రోజు సాయంత్రం ఆకు మేడం ఫైలు మూయబోయి ఆగింది.

"పదీ చాలా బాగున్నాయమ్మా. ఈ పదకొండోదాని కింద కారణం లేదే. ఫారంలోనూ లేదు."

"అది... కొత్తదండీ."

"కొత్తదైనా ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా ఫైలు వెనక్కి పంపాలి. నాకు మీ చోటు నచ్చింది కాబట్టి అడుగుతున్నాను. కారణం చెప్పండి, నేనే రాసుకుంటాను."

మావయ్య లేచాడు. "ఉండండి, ద్వీపాన్ని..."

"మిమ్మల్ని కాదండీ. అమ్మాయిని అడుగుతున్నాను," అంది ఆవిడ.

మేనకోడలు ఒక్క నిమిషం అని లోపలికి పరిగెత్తింది. నూనె పొగ గురించి మరో అబద్ధం చెప్పడం పెద్ద పనేం కాదు. అయినా ఈసారి అసలు కారణం తెలుసుకోకుండా చెప్పబుద్ధి కాలేదు. వేయించే వాసన ఎవరికి పడటం లేదు? వంటాయనకా? ఆయన ఆ వాసన కోసమే బతుకుతున్నాడు. సరంగు నూనెలో వేయించి పెడితే తాడునైనా తింటాడు. దుప్పట్లక్క ఉదయం వంటింటి వైపే రాదు. ఆమె లాగ్‌బుక్కు తెరిచి పదకొండో చెక్క తేదీకి ముందు రోజు తీసింది.

"గాలి: పడమటి నుంచి, మెల్లగా. పోటు: ఉదయం ఆరింటికి. పడవలు: ఒకటి. మనుషులు: మా పిల్ల మూడు రోజులుగా నూనె కాగితే చాలు, ముక్కు మూసుకుని పెరట్లోకి పోతోంది. దిగులే అనుకుంటోంది. దానికింకా తెలియనట్టుంది. మనం చెప్పకూడదు, అదే తెలుసుకోవాలి."

ఆమె కేలండరు వైపు చూసింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టింది. తర్వాత కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చుంది. అదృష్టం కొద్దీ ఉంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ముక్కు ఎగబీల్చుకుని నవ్వునే ఉంచుకుంది. తన కడుపులో సంగతి తనకంటే ముందు ద్వీపానికి తెలిసింది, అదీ పన్నెండు రోజుల ముందు.

బయటికి వచ్చేసరికి ఆకు మేడం కలం పట్టుకుని సిద్ధంగా ఉంది. మావయ్య స్తంభానికి ఉన్న మేకుల్ని లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.

"కారణం?" అంది ఆవిడ.

"ద్వీపం ఒప్పుకోదండీ," అంది మేనకోడలు.

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీదకు వెళ్ళింది. ఆకు మేడం ఆ చేతిని చూసింది. ఇద్దరు పిల్లల తల్లి ఆవిడ. ఆ ఉదయం ఈ అమ్మాయి పెరట్లోకి పరుగెత్తడమూ చూసింది.

"ఎన్నో నెలమ్మా?" అని మెల్లగా అడిగింది.

"ఇప్పుడే తెలిసిందండీ. లోపల."

ఆవిడ స్తంభం వైపు తిరిగింది. చెక్కలన్నీ పై నుంచి కింది దాకా మళ్ళీ చదువుకుంటూ వచ్చింది. ఎనిమిది కిలోల చెక్క దగ్గర ఆగి, రేవులో తాడు చుడుతూ నడుం మీద చెయ్యి వేసుకున్న సరంగును చూసింది. దుప్పట్ల చెక్క దగ్గర ఆగి, దుప్పట్లక్క చేతుల్ని చూసింది. చివరికి మావయ్యను చూసింది. ఆయన ఇంకా మేకులు లెక్కపెడుతున్నాడు.

ఆవిడ ఫైలులో పదకొండో గడిలో "స్థానిక జీవుల సంరక్షణ" అని రాసి సంతకం పెట్టింది. ఫైలు మూస్తూ, "పదకొండింటికీ ఇదొక్కటి రాస్తే సరిపోయేది కదమ్మా, అనవసరంగా అంత కష్టపడ్డావు," అంది.

ముద్ర నెల తిరక్కుండానే వచ్చింది. పచ్చటి ఆకు బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ళ. మావయ్య దాన్ని స్తంభానికి అన్నిటికంటే పైన కొట్టాడు. అందరూ చేరారు. వంటాయన ఆ బిళ్ళ చూపించి, ముద్ర వచ్చేసింది కాబట్టి ఇక వేయించుకోవచ్చా అని అడిగాడు. ఇంకో రెండు నెలలు ద్వీపం ఒప్పుకోదన్నాడు మావయ్య. వంటాయన మేనకోడలి మొహం చూసి, నవ్వి, ఇంకేమీ అనకుండా దుంపలు ఉడికించడానికి వెళ్ళిపోయాడు. విషయం అప్పటికే అందరికీ తెలుసు. మావయ్యకు తెలుసన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియనట్టే ఆయన నటిస్తున్నాడు.

ఇక ఆటపట్టించే వంతు తనదనుకుంది మేనకోడలు.

"మావయ్యా, మీ అల్లుడు అవతలి ఒడ్డున వడ్రంగి చేత ఒకటి చేయిస్తున్నాడు. పడవలో తెచ్చుకోవచ్చా?"

"ఏంటమ్మా అది?"

"ఉయ్యాల. చెక్కది. తూకం పన్నెండు కిలోలు."

మావయ్య ఉండమ్మా అడిగొస్తా అని ఆఫీసు వెనక్కి వెళ్ళాడు. కిటికీలోంచి ఆయన వీపు కనపడుతూనే ఉంది. రెండు నిమిషాలయింది, ఐదయింది. ఎప్పుడూ నుదుటి మీద ఉండే చెయ్యి ఈసారి కళ్ళ మీద ఉంది. ఆయన వచ్చేసరికి పావుగంట పట్టింది.

గుమ్మంలో ఇసుక దులుపుకోవడం కూడా మరిచిపోయి, "ఒప్పుకుంది," అన్నాడు మావయ్య. ఆ మాట పలకడం ఆయనకు అలవాటు లేదు. "పన్నెండైనా ఫర్వాలేదంటోంది. కాకపోతే సరంగు ముట్టుకోకూడదట. నలభై ఒక్క మెట్లూ నేనే మోయాలట."